మొదలు ఎటు?

“ఆ సప్పుడేటే తాయారూ? పొద్దున్నే ఇల్లు కూల్సేత్తన్నావా?” అని అత్తగారు మంచం మీద నుంచే కేకేసింది.

తాయారు పెరట్లో పీట వేసుకుని కూర్చుని పాత చెక్కల్లోంచి మేకులు పీకుతోంది. తుప్పు పట్టిన మేకు బతిమాలితే రాదు. ముందు చెక్కను తిరగేసి మొనమీద రెండు దెబ్బలు వేయాలి. తల కాస్త పైకి లేచాక పట్టకారుతో పట్టి, కింద చిన్న ముక్క ఆనించి మెల్లగా వంచాలి. తొందరపడితే తల తెగి మేకు లోపలే ఉండిపోతుంది. ఈ పనికి ఆమెకు రోజూ దొరికేది గంటన్నర. ఐదున్నరకు మొదలుపెడితే ఏడింటికి లేవాలి. ఆ తర్వాత ఇడ్లీ, మొగుడి క్యారేజీ, అత్తగారి బీపీ మాత్ర, బట్టలు, గోపాలపట్నం నుంచి సీతమ్మధార బస్సు. అక్కడ పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో ఆరు గంటలు చీటీలు రాసి, ఫోన్లు ఎత్తి, డాక్టరు గారి పిల్లల ట్యూషన్ వేళలు కూడా గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని ఉమాశంకర్ “మా ఆవిడ టైంపాస్ ఉజ్జోగం” అంటాడు. టైం ఎక్కడ పాస్ అవుతోందో ఒక్కరోజు కూడా చూసినవాడు కాదు.

ఉమాశంకర్ తాయారు మొగుడు. స్టీల్ ప్లాంటులో సీనియర్ టెక్నీషియన్. చెడ్డవాడు కాదు. తాగి కొట్టడు, జీతం తెచ్చి ఇంట్లోనే పెడతాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు “నీకేటమ్మా, అదృష్టవంతురాలివి” అంటుంటారు. కొట్టకపోవడమే అదృష్టమైన చోట మిగతావన్నీ అడిగేవాళ్లెవరు? అతనికున్న జబ్బల్లా ఒకటే. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు.

ఆ చెక్కలు ఇంటికొచ్చింది అలాగే. కిందటేడు దసరా ముందు ఫోన్లో ఎవరో విదేశీయుడు పాత చెక్కతో తోటలో షెడ్డు కట్టుకోవడం చూశాడు. చూసిందే తడవు వన్ టౌన్‌లో అయూబ్ భాయ్ పాత కలప అడితికి వెళ్లి ట్రాలీ ఆటో నిండా సరుకు తెచ్చాడు. కూల్చేసిన పెంకుటిళ్ల గుంజలు నాలుగు, వాసాలు కొన్ని, మిగతాదంతా ఓడ చెక్క. ఓడల్లో సరుకు దొర్లిపోకుండా అడుగున పేర్చి, పోర్టులో దించాక పారేసే పలకలు. “నీ మొక్కల సామానంతా వసారాలో కంపుకొడతందని అమ్మ గోల కదా. వచ్చే ఆదివారానికి షెడ్డు లేసిపోద్ది సూడు” అన్నాడు. 

ఆ ఆదివారం రాలేదు. ముప్పై ఎనిమిది ఆదివారాలు వచ్చి వెళ్లాయి కానీ అది రాలేదు. ఈలోగా వాన మొదలైతే టార్పాలిన్ కప్పింది తాయారు. ఎండకాస్తే తీసింది తాయారు. చెద పడితే కిరసనాయిలు పూసిందీ, పలకల కింద తేలు కనిపిస్తే చంపిందీ, అత్తగారి కాలికి చెక్క తగిలితే పసుపు రాసి తిట్లు తిన్నదీ కూడా తాయారే. చివరికి జూన్ నెలలో అడుగు పలకలు రెండు పుచ్చిపోయి కనిపించాయి. ఉమాశంకర్ నడుం మీద చేతులు పెట్టుకుని వాటివంక చూసి, “ఇంట్లో ఉండీదానివి, కాస్త సూసుకోవద్దా?” అన్నాడు.

ఆ మాటకు తాయారు ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే అటక ఎక్కి నాన్న పెట్టె దించింది.

నాన్న వీర్రాజు అనకాపల్లిలో పేరున్న వడ్రంగి. ఆయన పోయాక తమ్ముడు ఆ పనిముట్లు అక్కర్లేదన్నాడు, పాత ఇనుము వాడికి వేద్దామన్నాడు. తాయారు పెట్టె తెచ్చుకుంది. ఉమాశంకర్ తాత కూడా వడ్రంగే. కానీ ప్లాంటు ఉద్యోగం వచ్చాక ఆ ఇంట్లో ఉలి అన్న మాట ఎత్తడం మానేశారు. దసరాకు మాత్రం పెట్టె దించి, పనిముట్లు తుడిచి బొట్లు పెట్టేది తాయారు. ఆ తర్వాత మళ్లీ అటకే. ఉలికి బొట్టు పెట్టడం ఆడవాళ్ల పని, ఉలి పట్టడం మగవాళ్ల పని. అదీ వాళ్ల ఇళ్లల్లో లెక్క. పుట్టింట్లో అయితే దాటడానికి కూడా వీల్లేదు. కింద పెట్టిన, చెక్క చెక్కే బాడిసను పొరపాటున దాటితే అమ్మ వీపు మోగించేది. కానీ నాన్న పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడొద్దని ఎవరూ అనలేదు. పదహారేళ్లు చూసింది. 

“ఆడది ఉలి పడితే ఇంటికి అరిష్టవని మా అత్త సెప్పీది” అంది అత్తగారు మొదటి రోజు.

“బొట్టు పెట్టినప్పుడు రాని అరిష్టం మేకు కొడితే వస్తాదేటండి?” అంది తాయారు. అత్తగారు మాట వెతుక్కునేలోగా సుత్తి చప్పుడు మొదలుపెట్టింది.

కష్టమంతా గుంజల దగ్గర వచ్చింది. గుంజ నిలబెట్టేటప్పుడు చెట్టు ఎలా పెరిగిందో అలాగే నిలబెట్టాలి. మొదలు భూమిలోకి, తల ఆకాశంలోకి. తలకిందులుగా పాతితే ఇల్లు అచ్చిరాదంటారు. కొత్త దుంగకైతే చూడగానే తెలుస్తుంది. మూడు ఇళ్లు మారి, నాలుగు వైపులా చెక్కేసిన పాత గుంజకు మొదలేదో తలేదో ఎలా చెప్పడం? మధ్యలో తాడు కట్టి ఎత్తితే మొదలు వైపు బరువుగా కిందికి వంగుతుందని అందరూ అంటారు. నాన్న ఆ మాటకు నవ్వేవాడు. “పాత సెక్కకి ఆ లెక్క పనికిరాదమ్మా. ఒక కొస చెద తినేసుంటది, ఇంకో కొస నీళ్లు తాగేసుంటది. ముడి సూడు. కొమ్మ ఎప్పుడూ పైకే కదా లేస్తాది. ముడి ఎటు వాలిందో అటే తల” అనేవాడు. తాయారు నాలుగు గుంజలనూ తడిగుడ్డతో తుడిచి, ముడులు కనబడేదాకా చిత్రిక పట్టి, ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమి చూసింది. మూడు వెంటనే చెప్పేశాయి. నాలుగోది రెండు రోజులు బెట్టు చేసింది. దాని ముడి దొరికిన రోజున ఆమె క్లినిక్‌లో ఒకరి అపాయింట్‌మెంటు ఇంకొకరికి రాసి డాక్టరు గారిచేత మాటపడింది. అయినా ఆ రోజంతా సంతోషంగానే ఉంది.

రెండున్నర నెలలు పట్టింది. గోతులు తీసింది, గుంజలు నిలబెట్టింది, వాసాలు పరిచింది, ఓడ చెక్కల్ని అంచు మీద అంచు ఎక్కించి వాన లోపలికి రాకుండా గోడలు కట్టింది. ఉమాశంకర్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి “కొంచెం ఎడంకి జరుపు” అనేవాడు. జరపక్కర్లేదని ఆమెకు తెలుసు. జరిపినట్టు నటించేది, అతను “ఆఁ, ఇప్పుడు కుదిరింది” అని వెళ్లిపోయేవాడు. ఒకసారి మాత్రం ఫోన్ మాట్లాడుతూ పది నిమిషాలు గుంజ పట్టుకున్నాడు. 

ఆ పది నిమిషాలు ఎంత పెరిగాయో చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మేకులు పీకే రోజుల్లో ఎవరన్నా అడిగితే “మా తాయారు ఏదో గెలుకుతంది” అనేవాడు. గుంజలు లేచాక “షెడ్డు కడతన్నాం” అయింది. గోడలు లేచేసరికి “కట్టిత్తన్నాను” అయింది. కప్పు మీద రేకు పడ్డ రోజున, ప్రహరీ అవతల నుంచి ఎవరో పలకరిస్తే, తాయారు నిచ్చెన మీద ఉండగానే, “కట్టీసానండి, ఆదివారాలు కూర్సుని” అన్నాడు. ఒక్క పని నాలుగు వేషాలు వేసింది. నాలుగో వేషంలో ఆమె ఎక్కడా లేదు. 

ఆమెకు కావాల్సింది పెద్దదేమీ కాదు. సన్మానం అక్కర్లేదు, చీర అక్కర్లేదు. ఒక్కసారి, నలుగురి ముందు, ‘ఇది తాయారు కట్టింది’ అని అతని నోట రావాలి. రెండు దశాబ్దాలుగా ఈ ఇంట్లో ఆమె చేసిన వంటలు తిన్నవాళ్లకి అరిగిపోయాయి, ఉతికిన బట్టలు మాసిపోయాయి, తుడిచిన నేల మీద సాయంత్రానికి మళ్లీ దుమ్ము పడింది. చేసింది చేసినట్టు నిలబడి ఉన్నది ఈ షెడ్డు ఒక్కటే. కనీసం దానికైనా తన పేరు ఉండాలనుకుంది. 

నిజానికి ఆ మాట అన్న మనిషి ఒకడున్నాడు. తలుపు బందుల కోసం అడితికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్లో షెడ్డు ఫోటో చూపిస్తే, అయూబ్ భాయ్ కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు. గుంజల్ని పెద్దవి చేసి చూశాడు. “నాలుగూ మొదలు కిందికే, సీదాగా నిలబెట్టారమ్మా. నాను ముప్పయ్యేళ్లుగా పాత కలప అమ్ముతన్నాను, నాకే పదింటికి రెండుసార్లు తప్పుతాది. ఈ హునర్, ఈ పనితనం ఎవరు నేర్పేరు?” అన్నాడు. తాయారు నాన్న పేరు చెప్పింది. బస్సెక్కాక కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. పరాయివాడికి ఫోటో చూస్తేనే తెలిసింది.

షెడ్డు పూర్తయిన శుక్రవారం అత్తగారు తలంటు పోసుకుని, గుమ్మానికి పసుపు రాయించి, పళ్లెంలో కొత్త ప్యాంటు గుడ్డా చొక్కా గుడ్డా పెట్టింది. గుమ్మం నిలిపిన వడ్రంగికి బట్టలు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఎంత పేదింట్లో అయినా కనీసం తువ్వాలన్నా పెడతారు. తాయారు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఎందుకలా వచ్చి నిలబడిందో తర్వాత తల్చుకుంటే ఆమెకే సిగ్గేసింది. అత్తగారు పళ్లెం తీసుకెళ్లి కొడుకు చేతిలో పెట్టింది. 

“మీ తాత పనితనం నీకొచ్చిందిరా బాబూ” అంది కళ్లనీళ్లు పెట్టుకుని. 

సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా! అతను ఆ పళ్లెంతో షెడ్డు ముందు ఫోటో దిగాడు. తీసింది తాయారే. ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన నిమిషానికి కాకినాడ హాస్టల్ నుంచి కూతురు కీర్తన “సూపర్ డాడీ!” అని రాసింది. తర్వాత ఇంకో మెసేజ్: “అమ్మా, డాడీకి స్వీట్ చేసి పెట్టు.” 

చేసి పెట్టింది. సేమ్యా పాయసం. చేస్తూ చేస్తూ పాలు పొంగించింది.

ఆ పాయసం తినడానికే వచ్చాడు మోహన్. ఉమాశంకర్‌తో పాటు ప్లాంటులో పనిచేస్తాడు, ఒకరినొకరు బావా బావా అనుకుంటారు. షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. “బావా, ఇంత ఇద్దె ఉందని ఇన్నాళ్లూ సెప్పలేదేటి! మా మద్దిలపాలెం ఇంట్లోనూ ఒకటి కట్టీ బావా. సెక్క నాను తెప్పిత్తాను” అన్నాడు.

“దాందేముంది బావా, వచ్చే ఆదివారం వచ్చేత్తాను” అన్నాడు ఉమాశంకర్. 

మోహన్ వెళ్లిపోయాక గిన్నెలు తోముతున్న తాయారు దగ్గరికొచ్చి, “ఆదివారం నువ్వూ రావాలి, సాయానికి. నువ్వలా పక్కన ఉండి మెల్లగా సెప్తండు, నాను సేసుకుంటాను” అన్నాడు. 

తాయారు పంపు కట్టేసింది. “ఒక్క మాట అడగనా? నాను కట్టేనని మోహన్‌తో సెప్తే మీకేటి పోయేది?” 

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “పెళ్లాం సేత కట్టించుకున్నాడని పది మందీ నవ్వుకోవాలా? నువ్వు కట్టేవని నాకు తెల్సు కదే. ఇంట్లో తెల్సు. సాలదేటి?” 

ఇంట్లో తెలిస్తే చాలుట. ఇంట్లో తెలిసినవన్నీ ఏమయ్యాయో ఆమెకూ తెలుసు. అతని ప్రమోషన్ పరీక్ష కాగితాలు చదివి వినిపించింది ఎవరో ఇంట్లో తెలుసు. మామగారి ఆఖరి ఏడాది మలమూత్రాలు ఎత్తింది ఎవరో ఇంట్లో తెలుసు. ఆయన పోయిన పదకొండో రోజున “కొడుకంటే నువ్వేరా” అని బంధువులంతా అతని భుజం తట్టారు. ఆమె అప్పుడు వంటింట్లో గారెలు వేస్తోంది. పంపు మళ్లీ తిప్పింది. 

ఆదివారం మోహన్ ఇంటి వెనక పది మంది దాకా చేరారు. ప్లాంటు వాళ్లు నలుగురు, పక్కింటివాళ్లు, కుర్చీలో మోహన్ తండ్రి సూరన్న. ముసలాయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. అయినా పని జరిగే చోట కూర్చోవాలని పట్టుబట్టి కుర్చీ వేయించుకున్నాడు. గోతులు ముందురోజే తవ్వించారు, తాపీ మనిషి ఒకడు కాంక్రీటు కలుపుతున్నాడు. మోహన్ భార్య మధులత అందరికీ టీలు మోస్తోంది. ఉమాశంకర్ తన తల్లి పెట్టిన గుడ్డతో కుట్టించిన కొత్త చొక్కా వేసుకొచ్చాడు. చేతిలో వీర్రాజు గారి ఉలి. వెంట వచ్చిన తాయారు ఓ పక్కన పీట మీద కూర్చుంది.

మొదటి గుంజ గోతి దగ్గరికి తెచ్చారు. 

“బాబూ, మొదలు ఎటు?” అన్నాడు సూరన్న కుర్చీలోంచి. “సూసి నిలబెట్టండి. తలకిందులు గుంజ ఉన్న కొంపలో ఎవులికీ కంటికి నిద్ర ఉండదు.” 

ఉమాశంకర్ ఈ ప్రశ్నకు తయారై వచ్చాడు. ఫోన్లో చూసుకున్నాడు. గుంజ మధ్యలో తాడు కట్టించి ఎత్తించాడు. ఒక కొస కిందికి వాలింది. “అదీ మొదలు” అన్నాడు. అందరూ ఆహా అన్నారు. తాయారు ఆ కొస వైపు చూసింది. తెచ్చిన దగ్గర్నుంచీ పెరట్లో కుళాయి కింద పడి ఉండి నీళ్లు తాగి నల్లబడింది. పైన ముడి కొట్టొచ్చినట్టు కనబడుతోంది, సరిగ్గా ఆ నల్ల కొస వైపే వాలి. అది తల. 

అతను గుంజ మీద చెయ్యేసి ఆమె వంక చూశాడు. ఆ చూపు తాయారుకు కొత్త కాదు. ఎదురొచ్చిన చుట్టం పేరు గుర్తురానప్పుడు, తల్లి మాత్ర ఏదో తెలియనప్పుడు, కూతురు ఏ సంవత్సరం చదువుతోందో ఎవరన్నా అడిగినప్పుడు అతను అలాగే చూస్తాడు. ఆమె పెదవి కదిలీ కదలకుండా అందిస్తుంది, అతను పైకి చెబుతాడు. ఇరవై రెండేళ్లుగా ఆ చూపు ఒక్కసారీ ఖాళీగా వెనక్కి పోలేదు. 

ఆమె ఏమీ అందించలేదు. 

“ఏటే, అంతే కదా?” అన్నాడు గొంతు తగ్గించి. 

“నాకేటి తెల్సండీ?” అంది తాయారు, అందరికీ వినబడేలా. “కట్టింది మీరు కదా.” 

ఎవరో నవ్వారు. ఉమాశంకర్ నవ్వలేదు. అతని మెడ మీద చెమట పట్టడం ఆమెకు కనబడింది. ఆమె అన్నదేమిటో అతనికి అర్థమైంది. బయటపడటానికి దారి కూడా తెలుసు. మూడే మాటలు. ‘అది తాయారు కట్టింది.’ అంటే ఆమె లేచి వచ్చి క్షణంలో చూపించేది. ఆ మాట కోసం ఇంత అవమానంలోనూ ఆమె ఎదురుచూసింది. అంటాడేమో. ఈ ఒక్కసారీ అంటాడేమో. 

“ఇదే మొదలు. నాను సెప్తన్నాను కదా, దించండి” అన్నాడతను. 

గుంజను దించారు. తాపీ మనిషి గోతిలో కాంక్రీటు పోయడం మొదలుపెట్టాడు. 

పెళ్లాం పేరు చెప్పడం కన్నా చెట్టును తలకిందులుగా పాతడమే నయమనిపించింది ఆయనకి! తాయారుకు ఏడుపు రాలేదు. చేదుగా, ఎప్పుడో మింగిన మాత్ర మళ్లీ గొంతులోకి వచ్చినట్టయింది. 

టీ పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డ మధులత వంగి మెల్లగా అడిగింది. “వదినా, నిజంగా అదే మొదలా?” 

“కాదు.” 

“ఓలమ్మ! మరి సెప్పలేదేటి? మేం ఉండీ ఇల్లు కదా ఇది!” 

ఆ మాట తాయారుకు గట్టిగా తగిలింది. నిజమే. ఆయన మీది కోపానికి ఈ పిల్ల పెరట్లో తప్పు గుంజ ఎందుకు నిలబడాలి? 

“ఆయన సెప్తారేమోనని సూశానమ్మా” అంది. “ఇరవై రెండేళ్లు సూశాను. ఇంక సూడను.” 

లేచి కొంగు నడుంలో దోపింది. గోతి దగ్గరికి నడిచి తాపీ మనిషి చేతిని ఆపింది. “ఆపు బాబూ. గట్టిపడకముందే పైకి తీయాలి. ఇది తలకిందులుంది” అంది. ఆమె వేలు ముడి మీద పెట్టి, కొమ్మ ఎటు లేచిందో చూపించింది. సూరన్న కుర్చీలోంచి చెయ్యి చాపితే, ఆయన వేళ్లు పట్టుకుని ఆ ముడి మీద పెట్టింది. ముసలాయన తడిమి, తల ఊపాడు. 

“నీకెలా తెల్సమ్మా?” అన్నాడు. 

“గోపాలపట్నంలో షెడ్డు నాను కట్టేను” అంది తాయారు. 

ఉమాశంకర్ పళ్లు బిగించి “ఏటే ఇది, నలుగురిలో” అన్నాడు. ఆమె అతని చేతిలోంచి నాన్న ఉలి తీసుకుంది. అతని పేరు ఆమె నాలుక మీదికి వచ్చింది. పెళ్లై ఈ ఊరొచ్చిన రోజు గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే సిగ్గుపడుతూ చెప్పిన పేరు అది. మళ్లీ ఇన్నేళ్లలో ఒక్కసారీ నోట పలకలేదు. 

గుంజకు ఒక పక్క భుజం ఆనించి, గొంతు కాస్తయినా పెంచకుండా అంది: 

“ఉమాశంకర్ గారూ, ఆ కొస పట్టుకోండి.”